ఒక అద్దం తక్కువైన పాటల పుస్తకం

మానుకోట స్టేషన్ రోడ్డులో నా డీటీపీ దుకాణం బోర్డు మీద ఆంధ్రప్రదేశ్ అన్న మాటను నేనే చెరిపేశాను. స్టూలెక్కి, రంగు డబ్బా పక్కన పెట్టుకుని, ఆ చోట తెలంగాణ అని రాశాను. పక్కనున్న మందుల షాపాయన బయటికి వచ్చి, రాష్ట్రం ఇంకా రాలేదు కదమ్మా అన్నాడు. "బోర్డు నాది, రంగు నాది. వచ్చేదాంక ఎందుకాగాలె?" అన్నాను. ఆ ఏడాది బండ్ల నంబర్ ప్లేట్ల నుంచి లెటర్‌హెడ్‌ల దాకా అందరూ అదే పని చేస్తున్నారు. నా కోపం మాత్రం ఉద్యమం కంటే పాతది.

అది జనగామలో మొదలైంది. మా తల్లిగారి ఊరు లింగాల ఘనపూర్ పక్కన. ఇంటర్ అయ్యాక రోజూ బస్సెక్కి జనగామ వెళ్ళి డీటీపీ నేర్చుకున్నాను. నేర్పిన సారు కోస్తా నుంచి వచ్చినాయన. పని బాగా నేర్పాడు, కాదనను. కానీ నేను "సార్, గిది ఎట్ల తెరవాలె?" అని అడిగినప్పుడల్లా క్లాసు వైపు తిరిగి, సినిమాల్లో రౌడీల పక్కనుండే జోకర్లా నా మాటను సాగదీసి అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నాతోపాటు అదే బస్సులో వచ్చేవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. వాళ్ళ మీదే నాకు ఎక్కువ ఒళ్ళు మండేది. కోర్సు అయిపోయేదాకా నేను గిది, గది, ఎట్ల అనే అడిగాను. చివరికి ఆయనే విసుగెత్తి నవ్వడం మానేశాడు.

పెళ్ళై మానుకోట వచ్చాక సొంతంగా దుకాణం పెట్టాను. లగ్గం పత్రికలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు. ఒక రోజు గూడూరు వైపు తండా నుంచి ఒక అక్క వచ్చింది. అంగన్‌వాడీలో పనిచేస్తుంది. సంచీలోంచి టేప్ రికార్డర్ తీసి బల్ల మీద పెట్టి, "గిండ్ల మా యాడి పాటలున్నయ్. పుస్తకం చెయ్యాలె" అంది. వాళ్ళ భాషలో యాడి అంటే అమ్మ. ఆమె తల్లిని తండా మొత్తం యాడి అనే పిలిచేది.

ఆ పాటలు తీజ్ పండుగవి. శ్రావణంలో తండాల్లో పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, రోజూ నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. మొలకలు జానెడు పెరిగాక బుట్టలు నెత్తిన పెట్టుకుని, పాడుకుంటూ వెళ్ళి నీళ్ళలో కలుపుతారు. ఎన్నో ఏళ్ళుగా పాటకు ముందు గొంతు యాడిదే. పక్షవాతం వచ్చి ఆమె గొంతు పోయింది. పిల్లలేమో హాస్టళ్ళలో చదువుకుంటున్నారు, పాటలు రావు. కిందటేడు తీజ్‌లో డీజే పెట్టి సినిమా పాటలు వేశారట. అక్క నలుగురిలో లేచి, వచ్చే తీజ్‌కు పిల్లలు పుస్తకం పట్టుకుని మన పాటలే పాడుతారని చెప్పింది. తండా పెద్ద అయిన నాయక్ నవ్వి, "పుస్తకమొస్తె పాటలు. రాకుంటె డీజే. మల్ల నువ్వు ఎప్పుడూ నోరు తెరవొద్దు" అన్నాడు. అక్క సరే అని వచ్చేసింది.

దాదాపు ఏడాది పట్టింది. ఆ భాషకు లిపి లేదు కాబట్టి తెలుగు అక్షరాల్లోనే కొట్టాం. అక్క ఆదివారాలు వచ్చి పక్కన కూర్చునేది, టేపు ఆపుతూ, వెనక్కి తిప్పుతూ ఒక్కో మాట చెప్పేది. అట్ట కోసం యాడి పెళ్ళినాటి పావడా తెచ్చి చూపింది. ఎర్రటి గుడ్డ మీద త్రికోణాలు, వాటి మధ్య వరసగా అద్దాలు. యాడి సొంతంగా కుట్టుకున్నది. ఆ అంచును మౌస్‌తో గీస్తూ గీస్తూ నాకు మణికట్టు నొప్పి పుట్టింది. అయినా అంత ఇష్టంగా నేను ఏ లగ్గం పత్రికా చేయలేదు.

ఇంకో రెండు పాటలు, అట్ట మీద ఒక వరస మిగిలాయనగా, కోత అయ్యి వచ్చిన కరెంటు ఒక్కసారిగా విరుచుకుపడింది. కంప్యూటర్ లోపల టప్‌మంది. కాలిన వాసన. పాటలు, అట్ట సీడీల్లో ఎక్కించి పెట్టుకున్నాను కాబట్టి బతికాయి. కానీ ఫైళ్ళు ఉంటే చాలదు. మేం వాడే తెలుగు సాఫ్ట్‌వేర్‌కు వేలెడంత తాళం ఉంటుంది, డాంగిల్ అంటారు. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చి ఉంచితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. కొత్త కంప్యూటర్ తెచ్చుకున్నాను. అందులోని కొత్త విండోస్ ఆ పాత సాఫ్ట్‌వేర్‌ను గడప కూడా తొక్కనివ్వలేదు.

సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళకు హైదరాబాద్ ఫోన్ చేశాను. అక్కడి టెక్నీషియన్ తీరిగ్గా చెప్పాడు. "ఆ వెర్షన్ అయిపోయిందండీ. కొత్తది తీసుకోండి. పాత ఫైళ్ళు అందులో సరిగా తెరుచుకోవు, మళ్ళీ టైప్ చేసుకోవాల్సిందే."

"మల్ల మొదటికెల్లి కొట్టాల్నా? గది ఏడాది పని."

"ఏంటీ? కొంచెం అర్థమయ్యేలా మాట్లాడండి మేడమ్."

జనగామ క్లాసు గుర్తొచ్చింది. "నేను మాట్లాడేది మంచిగనే అర్థమైతది. నువ్వు చెప్పేదే నాకు ఎక్కుతలేదు" అని పెట్టేశాను. పెట్టేశాక గోడ మీది క్యాలెండర్ చూశాను. ఎందుకంటే ఆ పొద్దునే అక్క ఫోన్ చేసి, బుట్టల్లో గోధుమలు చల్లామని చెప్పింది. మొలకలు నా కోసం ఆగవు కదా.

కంప్యూటర్ తీసుకుని హైదరాబాద్ పోదామంటే దారి లేదు. బస్సులు డిపోల్లో ఉన్నాయి, పట్టాల మీద జనం కూర్చున్నారు. తమాషా ఏమిటంటే ఆ పట్టాలే నాకు సాయం చేశాయి. డోర్నకల్‌లో రైల్వే క్లర్కుగా పనిచేసే ఒకాయన అంతకుముందు నా దగ్గర కార్డులు చేయించుకున్నాడు. మూడు రోజుల తర్వాత ఆయన రైలు మానుకోటలో ఆగిపోతే, ఫ్యాను గాలి కోసం వచ్చి నా దుకాణంలో కూర్చున్నాడు. నా ముఖం చూసి సంగతేంటని అడిగాడు, చెప్పాను.

"కంప్యూటర్ల ఇంకో కంప్యూటర్ పెట్టుకోరాదమ్మా" అన్నాడు. "వర్చువల్ మెషిన్ అంటరు. మా ఆఫీసుల పాత పని గట్లనే నడుస్తది."

నేను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కాదు. తన పెన్‌డ్రైవ్‌లోంచి ఏదో ఎక్కించాడు. కొత్త కంప్యూటర్ తెర మీద ఒక కిటికీ తెరుచుకుంది. ఆ కిటికీలో నా పాత విండోస్ సీడీ నడవడం మొదలైంది. కాలిపోయిన నా కంప్యూటర్ కొత్తదాని కడుపులో మళ్ళీ లేచి కూర్చున్నట్టు అనిపించింది. అంతలో స్టేషన్ వైపు కూత వినబడింది. ఆయన సంచీ భుజాన వేసుకుంటూ, "డాంగిల్‌ను లోపటికి పంపాలె, తెర పెద్దగ చెయ్యాలె. గవి రెండే, చేస్కో" అని ఉరికాడు. ఆ రాస్తారోకోలు, రైలు రోకోలు ఎందుకు అంత తొందరగా ముగించారని ఉద్యమాన్ని నేను తిట్టుకున్నది ఆ ఒక్కసారే.

ఆ రెండు పనులే నా ప్రాణం తీశాయి. మరునాడు బంద్. షట్టర్ సగం దించి, లోపల కూర్చుని మొదలుపెట్టాను. డాంగిల్ గుచ్చితే బయటి కంప్యూటర్ దాన్ని పట్టేసుకుంటుంది, లోపలిదానికి ఇవ్వదు. మెనూలో దాని పేరు బూడిద రంగులో కనబడేది, నొక్కితే కదిలేది కాదు. చాలాసేపటికి అర్థమైంది. ఈ డాంగిల్ లోపలిదానికే అని ముందే చెప్పి పెట్టాలి. దాన్ని పీకేసి, లోపలి విండోస్ పూర్తిగా లేచాక మళ్ళీ గుచ్చాలి. అలా చేస్తే లోపలికి వెళ్ళింది. వెళ్ళి, అక్కడ గుర్తుతెలియని పరికరం అని వచ్చింది. పాత సీడీలోంచి డాంగిల్‌ను గుర్తుపట్టించే డ్రైవర్ ఎక్కించాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది! కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. కూర్చునేలోగా మూసుకుపోయింది. తాళం లేదు అంటుంది. కదిలిస్తే ఉందంటుంది, వదిలేస్తే లేదంటుంది.

మెనూలన్నీ తిరగేశాను. తీసేసి మళ్ళీ ఎక్కించాను. వెనకనున్న సాకెట్‌లో పెట్టి చూశాను, ముందుదానిలో పెట్టి చూశాను. చెమట తుడుచుకుంటే నుదుటికి ఏదో అంటింది. చూసుకుంటే వేలి కొస పచ్చగా ఉంది. పసుపు.

అప్పుడు వెలిగింది. ప్రతి దసరాకు ఆయుధపూజ చేస్తాం కదా. మానిటర్‌కు, కీబోర్డుకు, ప్రింటర్‌కు పసుపు పూసి కుంకుమ పెట్టేదాన్ని. డాంగిల్ నా పొట్ట నింపేది కదా అని దానికి ఇంకాస్త ఎక్కువే. పాత కంప్యూటర్ వెనకాల కదలకుండా ఉన్నన్నాళ్ళు ఏమీ కాలేదు. ఇప్పుడు పీకి గుచ్చి, పీకి గుచ్చి చేసేసరికి, ఏళ్ళ తరబడి ఎండిన పసుపు రాలి దాని మూతిలోకి పోయింది. నెట్‌లో ఎవరెవరో రాసిన సూచనలన్నీ వెతికాను కానీ, పసుపు తుడవండి అని ఏ దేశంవాడు రాస్తాడు? మందుల షాపు నుంచి స్పిరిట్ తెచ్చి, పుల్లకు దూది చుట్టి, ఓపిగ్గా తుడిచాను. దూది పచ్చబడి, ఆఖరికి తెల్లగా వచ్చింది. గుచ్చాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, తెరుచుకునే ఉంది.

ఉండబట్టలేక హైదరాబాద్ టెక్నీషియన్‌కు మళ్ళీ ఫోన్ చేశాను. పాత వెర్షనే నడుస్తోందని, ఎలా నడిపానో చెప్పాను. పసుపు దగ్గరికి రాగానే పగలబడి నవ్వి, "డాంగిల్‌కు పూజ చేశారా మేడమ్?" అన్నాడు.

"చేసినం. వచ్చే దసరాకు మల్ల చేస్తం. మూతికి తగలకుండ వీపుకు రాస్తం, గంతే" అన్నాను.

ఇక తెర. లోపలి కంప్యూటర్ కిటికీ అరచేయంత ఉంది. రంగులు మాసిపోయాయి, యాడి పావడా ఎరుపు ఎండిన ఇటుకలా కనబడింది. పేజీలో సగం కనబడదు. అన్నిటికంటే అన్యాయం, తెర మీద ఏ డబ్బా తెరుచుకున్నా, ఓకే అని నొక్కే బటన్ తెర కింద ఎక్కడో ఉండేది. ట్యాబ్ నొక్కుతూ, ఇప్పుడు దాని మీదే ఉన్నానని నమ్మి ఎంటర్ కొట్టేదాన్ని. కొన్నిసార్లు నా నమ్మకం తప్పయ్యేది. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "మొలకలు వేలంత అయినయ్ చెల్లె" అంది, ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే నాకు గుచ్చుకుంది. తెర సంగతి తర్వాత చూద్దామని, ఆ అరచేతి కిటికీలోనే మిగిలిన రెండు పాటలు కొట్టాను. అట్ట మీద మిగిలిన అద్దాల వరస, కనబడినంత చూస్తూ, కనబడనిది అంచనా వేస్తూ పెట్టేశాను.

తెర దారి మర్నాడు దొరికింది. లోపలి కంప్యూటర్‌కు తెరను పరిచయం చేసే డ్రైవర్లు మెనూలోనే ఉన్నాయి. నేను ముందురోజే నొక్కాను, ఏమీ జరగలేదనుకున్నాను. నిజానికి అది లోపల ఒక సీడీ పెట్టినట్టు పెట్టి, నేను తెరుస్తానేమోనని ఊరుకుంది. మై కంప్యూటర్‌లోకి వెళ్ళి ఆ సీడీ తెరిచి, డ్రైవర్లు ఎక్కించి, ఆపి లేపాను. కిటికీ ఒక్కసారిగా తెర నిండా పరుచుకుంది. పావడా ఎర్రగా మండింది. సరిగ్గా అప్పుడే అక్క షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చింది. తెర మీద వాళ్ళమ్మ పావడా చూసి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ఇద్దరం అట్లాగే చూస్తూ ఉండిపోయాం. అద్దాలు లెక్కపెట్టాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఆ ఆనందం మీద నీళ్ళు పోయడానికన్నట్టు, ఊరంతా అన్న అని పిలిచే ఒకాయన వచ్చాడు. మా వైపు భూములున్న పటేళ్ళ కుటుంబం ఆయనది, ఉద్యమంలో మైకు పట్టుకునేవాడు. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుతినే వంటావార్పు ఉంది, దానికి కరపత్రం కావాలన్నాడు. ప్రెస్సు ఆ ఒక్క పూటే తీస్తారు, తర్వాత మళ్ళీ బంద్. కరపత్రం చేస్తే పుస్తకం ఆగుతుంది, పుస్తకం వేస్తే కరపత్రం ఆగుతుంది.

"పాటలదేముంది చెల్లె, రాష్ట్రమొచ్చినంక లక్ష పుస్తకాలు ఏసుకోవచ్చు" అన్నాడు. తెర వైపు చూసి, "గింతకు గది తెలుగు గూడ గాదు గదా."

నేను నోరు తెరిచేలోగా అక్క అందుకుంది. "పట్టాల మీద కూసునెతందుకు తండాలకొచ్చి పిలిచినప్పుడు, మాది తెలుగు గాదని యాదికి రాలేదా పటేలా? మేం వచ్చి కూసోలేదా? మా పిల్లలకు లాఠీ దెబ్బలు తెలుగుల తగిలినయా?"

ఆయన నా వైపు తిరిగాడు, నేను సర్దిచెబుతాననుకున్నాడేమో. నాకు మళ్ళీ జనగామ క్లాసే కళ్ళముందుకు వచ్చింది. కానీ ఈసారి బల్ల దగ్గర నిలబడి నవ్వుతున్నది కోస్తా సారు కాదు.

"మన మాటను సినిమాలల్ల నవ్విన్రని రోజు మైకుల చెప్పేది నువ్వే గదన్నా. గిప్పుడు నువ్వు చేసేదేంది?" అన్నాను. "పుస్తకం పోతది ప్రెస్సుకు. నీ చేతిరాత బాగుంటది. తెల్లకాయితం మీద రాసి జిరాక్స్ తీయించుకో."

ఆయన ముఖం గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు. చేత్తోనే రాసి పంచాడు. రోడ్డు మీద వంట బ్రహ్మాండంగా జరిగింది, ఎవరూ అక్షరాలు అచ్చువి కావని పస్తుండలేదు. నాతో మాత్రం చాలాకాలం మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

అట్ట మీద కింద ఏం రాయమంటావని అడిగితే, తండా పేరు, మానుకోట, తెలంగాణ అని రాయమంది అక్క. రాశాను. పుస్తకాలు కుట్టించి, కట్టలు కట్టి, తీజ్ రోజు పొద్దున ఆటోలో తండాకు తీసుకెళ్ళాను.

డీజే వాళ్ళు అప్పటికే పెట్టెలు దించుతున్నారు. నాయక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అక్క ఒక పుస్తకం తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక పేజీ దగ్గర ఆగి పెదాలు కదిపాడు. చిన్నప్పుడు విన్న పాటేమో. తర్వాత డీజే వాళ్ళకు చేత్తో సైగ చేశాడు, పెట్టెలు మళ్ళీ బండెక్కాయి. ఆడపిల్లలు ఒక చేత్తో నెత్తిమీది బుట్ట, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని బయలుదేరారు. మొదట గొణిగారు, ఒకరినొకరు చూసి నవ్వారు, తర్వాత గొంతులు కలిశాయి. నాకు ఒక్క ముక్క అర్థం తెలియకపోయినా ప్రతి మాటా నా వేళ్ళ కింది నుంచి వచ్చిందే. గర్వంతో నా ఒళ్ళు ఉప్పొంగింది, దాచుకోవడం ఎందుకు?

యాడిని గుమ్మం ముందు మంచం మీద కూర్చోబెట్టారు. పాట దగ్గరికి వచ్చినప్పుడు ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి, కానీ దృష్టి ఒళ్ళో ఉన్న పుస్తకం మీదే ఉంది. బాగున్న చేతి వేలితో అట్ట మీది అద్దాలను ఒక్కొక్కటే తాకుతోంది. చివరి మూలకు వచ్చి ఆగింది. మళ్ళీ మొదటినుంచి తాకింది. మళ్ళీ అక్కడే ఆగింది. కూతురిని పిలిచి, వంకరపోయిన నోటితో కష్టంగా ఏదో అంది.

అక్క పకపకా నవ్వింది. "ఒక అద్దం తక్కువున్నదంట."

వంగి చూశాను. నిజమే. కుడి వైపు కింది మూల ఖాళీ. ఆ రోజు అరచేతి తెరకు అందని మూల అది. కరెంటును, డాంగిల్‌ను, పటేల్‌ను దాటుకుని వచ్చి, పావడా కుట్టిన చేతికి దొరికిపోయాను. తెర చిన్నగా ఉండెనని, కనబడలేదని చెప్పబోయాను. యాడి వినలేదు. తన పావడా అంచు పైకి లాగి, దారాన్ని పళ్ళతో పుటుక్కున తెంపి, ఒక అద్దం ఊడదీసింది. గోధుమపిండి తడిపి తెమ్మంది. ఖాళీ మూలలో అద్దం అంటించి, గట్టిగా నొక్కి, పుస్తకాన్ని ఎండలో తిప్పి చూసుకుంది. నీళ్ళ దగ్గర నుంచి తిరిగొచ్చిన ఆడపిల్లలు అది చూశారు. సాయంత్రానికి తండాలో ప్రతి పావడాకూ ఒక అద్దం తక్కువైంది.

రాష్ట్రం వచ్చింది. నా బోర్డు మార్చాల్సిన పని పడలేదు. చుట్టుపక్కల తండాల వాళ్ళు అడిగితే పుస్తకం రెండోసారి అచ్చుకు వెళ్ళింది. ప్రెస్సాయన అట్ట చూసి ఫోన్ చేశాడు. "మేడమ్, మూలకు ఒక అద్దం పోయింది. నేనే కాపీ కొట్టి పెట్టనా?"

"ముట్టకు. గది వాళ్ళు పెట్టుకునే జాగ" అన్నాను.